పెట్టె మీద రాసిన యాభై

సీతమ్మధార రైతుబజారులో ఈమధ్య గుడ్లన్నీ నాటుగుడ్లే. మామూలు కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయో, లేక అవి కూడా పల్లెకు వెళ్ళి స్థిరపడ్డాయో తెలియదు. అట్ట మీద ‘నాటు’ అని పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. ఇంటికొచ్చి పగలగొడితే పచ్చసొన అప్పుడే ఆస్పత్రి నుంచి డిశ్చార్జి అయినట్టు పాలిపోయి ఉంటుంది. మొన్న ఉండబట్టలేక, “ఏమ్మా, ఇవి నాటువేనా?” అని అడిగాను. “సదవడం రాదేటి బాబూ, రాసున్నాది గదా!” అంది గుడ్లావిడ. యూనివర్సిటీలో ఫిజిక్సు చదివి, ఉద్యోగమంతా కొలతల్లో గడిపినవాణ్ని. అంత గట్టి సర్టిఫికెట్టు నేనెప్పుడూ ఇవ్వలేకపోయాను.

రాతల మీద నా ఫిర్యాదు ఇప్పటిది కాదు. ఇప్పుడు మీ కుర్రాళ్ళు అరచేతిలో పట్టే స్పీకరు మీద కూడా వెయ్యి వాట్లని రాసి ఉంటే నమ్మి కొంటున్నారు. కొనుక్కోండి, నాకేం అభ్యంతరం లేదు. నేను చెప్పబోయేది ఒకే ఒక పెట్టె సంగతి. దాని మీద యాభై అని రాసి ఉండేది. నేను దాన్ని కొలిచాను. కొలిచినందుకు ముగ్గురికి కోపం వచ్చింది. ఆ ముగ్గురిలో ఇద్దరికి నేను మేలు చేస్తున్నాననుకున్నాను.

డెబ్బైల చివరి మాట. ఎమర్జెన్సీ వెళ్ళిపోయింది గానీ, దాని అలవాట్లు కొన్ని సామాను సర్దుకోవడం మరిచిపోయి మా ఫ్యాక్టరీ ఆఫీసులోనే ఉండిపోయాయి. ఫ్యాక్టరీ అంటే పోర్టుకు దగ్గర్లో ఒక పెద్ద కర్మాగారం. పేరు చెప్పను, పింఛను ఇంకా వస్తోంది. అందులో పరికరాల విభాగంలో టెస్టింగు పని నాది. ఫ్యాక్టరీలోని మీటర్లు నిజం చెబుతున్నాయో లేదో చూడాలి. మనుషుల సంగతి చూడటానికి వేరే విభాగం ఉండేది. మీటర్లు చెమటకు ఓర్చుకోలేవు కాబట్టి ఏసీ గది మాకిచ్చారు. ఈ ఒక్క విషయంలో ఆఫీసర్లు మమ్మల్ని చివరిదాకా క్షమించలేదు.

మా విభాగానికి పెద్దదిక్కు ఫోర్మన్ గారు. భీమిలి వైపు మనిషి. కాగితం ప్రకారం ఆయన నా కింద పనిచేసేవారు. ఆ కాగితం ఎక్కడుందో మాత్రం ఆయనకే తెలుసు.

యార్డులో ఒక క్రేను ఆపరేటరు ఉండేవాడు. ఎలమంచిలి దగ్గర పల్లె, రైతు కుటుంబం. పగలంతా ఆకాశంలో కూర్చుని ఇనుము దించేవాడు, సాయంత్రం నేల మీదకు దిగి గిటారు వాయించేవాడు. రెండింటికీ ఒకటే చెయ్యి కావాలనేవాడు, ఊగకుండా దించాలట. మా కాలనీ ఆర్కెస్ట్రా అంటే అతనూ, డ్రమ్ముల వెల్డరూ, పాడతామని వచ్చేవాళ్ళూ. పాడేవాళ్ళు మారుతుండేవారు, అతను మారలేదు.

అతని గిటారుకు ఆంప్లిఫయరు చేసిచ్చింది వన్‌టౌనులో రేడియోలు బాగుచేసే సాయిబు గారు. ఓడల్లో సామాను దిగుమతయ్యే చెక్కపెట్టెలు కొని, ఆ చెక్కతోనే దాని పెట్టె కట్టారు. లోపల అన్నీ పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులే. చిన్నవి కొన్ని, వెనకాల కొవ్వొత్తుల్లా వెలిగే పెద్దవి రెండు. ముందువైపు సైన్‌బోర్డు ఆర్టిస్టు చేత తెల్లరంగుతో ‘50 వాట్స్’ అని రాయించారు. పక్కన ఖాళీ మిగిలిందని ఆర్టిస్టు ఒక తామరపువ్వు కూడా వేశాడు. క్రేను ఆపరేటరు సాయిబు గారిని ‘బావా’ అనేవాడు. మా వైపు ఇద్దరు మగవాళ్ళు రెండుసార్లు కలిసి టీ తాగితే వచ్చే వరస అది.

ఆ పెట్టె ఒకే ఒక్కసారి సంగీతం కాని పని చేసింది. క్యాంటీను సాంబారులో కూరగాయలు కనిపించడం మానేసిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం అతను దానికి మైకు తగిలించి, ఆ రోజు సాంబారులో దొరికినవేమిటో చదివి వినిపించాడు. ఎక్కువసేపు పట్టలేదు. కానీ ఆఫీసు భవనం పైఅంతస్తు దాకా వినపడింది. అక్కడ ఆ సమయానికి ఢిల్లీ నుంచి వచ్చినవాళ్ళు భోంచేస్తున్నారని తరవాత తెలిసింది. వాళ్ళ సాంబారు క్యాంటీనుది కాదు, అందుకని వాళ్ళకు ముక్కలతో పాటు సందేహాలు కూడా వచ్చాయి.

కొద్దిరోజులకే సర్క్యులరు వచ్చింది. కాలనీవాసుల ఆరోగ్యం దృష్ట్యా కాలనీ ప్రహరీ లోపల ఇరవై వాట్లు మించిన శబ్ద పరికరాలు ఉండరాదు, వాడరాదు. విశ్వకర్మ పూజ దగ్గర పడుతోంది. ఏటా ఆ రోజు ఫ్యాక్టరీలో యంత్రాలకు పూజ, సాయంత్రం కాలనీ హాల్లో మన ఆర్కెస్ట్రా. ఈసారి పెట్టె లోపలుంటే ఆర్కెస్ట్రా ఉన్నట్టు. పెట్టె ప్రహరీ దాటితే ఆర్కెస్ట్రా కూడా దాటినట్టే. అతనుండేది కాలనీ క్వార్టర్సులో కాబట్టి, ఇంట్లో దాచుకోవడానికీ వీల్లేదు.

సర్క్యులరు రాసింది మా వెల్ఫేరాఫీసరు. తియ్యగా మాట్లాడేవారు. ఆయన ‘తమ్ముడూ’ అన్నారంటే మనం ఏదో ఒక దాని మీద సంతకం పెట్టబోతున్నామని అర్థం.

“తమ్ముడూ, పెట్టె మీద యాభై అని వాళ్ళే రాసుకున్నారు. మనం ఊరికే బయటికి పొమ్మంటే యూనియన్ గొడవ. మీరు కొలిచి అదే మాట రాసిస్తే సైన్సు చెప్పినట్టుంటుంది.”

“కొలిచాక ఎంతొస్తే అంత రాస్తానండి.”

“నేనూ అదే అంటున్నాను. ముందు కొలవండి, తరవాత యాభై అని రాయండి.”

నాకు ఆ ‘తరవాత’ నచ్చలేదు. నా ఉద్యోగంలో నాకు గర్వకారణం అనదగినవి తక్కువ. కొలవకముందే అంకె చెప్పించుకోవడం మాత్రం అలవాటు చేసుకోలేదు.

పెట్టెతో పాటు సాయిబు గారు కూడా మా గదికి వచ్చారు, రోగితో పాటు ఆస్పత్రికి వచ్చే దగ్గర చుట్టంలా. మేము స్పీకరు తీగలు విప్పుతుంటే ఆయన ముఖం చూడలేకపోయాం.

“స్పీకరు తీసీసి పాట ఎలగ ఇంటారు సాబ్?”

“వినం సాయిబు గారూ, చూస్తాం.”

ఆయన క్రేను ఆపరేటరు వైపు తిరిగి, “ఈళ్ళు సెవిటోళ్ళేటి బావా?” అన్నారు.

కుర్రాళ్ళకు ఇక్కడ రెండు ముక్కలు చెప్పాలి. ఆంప్లిఫయరు శక్తి కొలవాలంటే స్పీకరు బదులు దానికి సరిపడే తీగచుట్ట ఒకటి పెడతాం. ఫోర్మన్ గారు హీటరు తీగను ఎనిమిది ఓములకు కోసి పింగాణీ పలక మీద చుట్టారు. పాటగా పోవలసినదంతా ఆ తీగలో వేడిగా పోతుంది. ఇటు గిటారు బదులు ఒకే స్వరం ఆపకుండా ఇచ్చే యంత్రం పెడతాం. ఆసిలోస్కోపు తెర మీద ఆ స్వరం నున్నటి అలలా కనిపిస్తుంది. వాల్యూము పెంచుకుంటూ పోతే ఒకచోట అల నెత్తి చదునవుతుంది. అక్కడ ఆగి, తీగ మీద వోల్టేజీ చూసి, దాన్ని దానితోనే గుణించి ఓములతో భాగిస్తే వాట్లు. అంతే. ఒక్క జాగ్రత్త. వాల్వు ఆంప్లిఫయరుకు స్పీకరో తీగచుట్టో ఏదో ఒకటి తగిలే ఉండాలి. ఏదీ లేకుండా నడిపితే లోపలి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుంది.

కొలిచాం. నిక్కచ్చిగా రెండువందల ముప్పై వోల్టుల కరెంటు మీద, అల నెత్తి చదునయ్యేచోట, ముప్పై వాట్లు.

“మిగతా ఇరవై ఏదీ?” అన్నారు సాయిబు గారు, నేను జేబులో వేసుకున్నట్టు.

“మీరు యాభై అని ఎలా లెక్కేశారు?”

ఆయన జేబులోంచి వాల్వు అట్టపెట్టె తీసి చూపించారు. అందులో పాతిక వాట్లని ఉంది. “ఒకటి పాతిక. రెండున్నాయి. పాతికా పాతికా ఎంత సాబ్? మీరు సదూకున్నోళ్ళు.”

ఆ పాతిక వాల్వు కాలిపోకుండా తట్టుకోగల వేడి. అది బయటికిచ్చే శక్తి కాదు. నేను చెప్పబోయేలోగా ఫోర్మన్ గారు అందుకున్నారు. “ఒరే సాయిబూ, ఎండకి ఎంత ఓర్సుకుంటామో అంత కూలిత్తారేటి మనకి?”

“నాను మాటిచ్చినాను. యాభై అని సెప్పి యాభైకే కట్టినాను. మీ మిసను తప్పు సూపిత్తంది.”

“మా మిసను పొద్దున్నే సరిసూసినాం.”

“అయితే మద్దేన్నం పాడైపోనాది.”

వాళ్ళిద్దరూ అలా అరుచుకుంటుంటే క్రేను ఆపరేటరు పెట్టె మీది తామరపువ్వును బొటనవేలితో తుడుస్తూ కూర్చున్నాడు, దాని మీద దుమ్మేమీ లేకపోయినా.

యాభై కాదని తేలింది గానీ, ముప్పై అయినా ఇరవై దాటినట్టే. నేను సర్క్యులరు మళ్ళీ చదివాను. మా ఆఫీసు సర్క్యులర్లలో చదవవలసింది ఎప్పుడూ రాయనిదే. ఇరవై వాట్లన్నారు. ఎక్కడ, ఎంత కరెంటు దగ్గర, ఏ పద్ధతిలో అనేది లేదు. మా గదిలో కరెంటు కచ్చితంగా రెండువందల ముప్పై, ఎందుకంటే అది మీటర్ల గది. కాలనీలో అలా కాదు. సాయంత్రమైతే ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు, ట్యూబులైటు పెళ్ళికూతురిలా సిగ్గుపడుతూ రావాలా వద్దా అని ఆలోచించేది. వాల్వు పెట్టెకు కరెంటు తగ్గితే బలమూ తగ్గుతుంది. వాడే చోట, వాడే వేళ కొలవాలి అన్నది ఎక్కడైనా చెల్లే వాదన. కాలనీ హాల్లో సాయంత్రం కొలిస్తే ఎంతొస్తుందో కాగితం మీద గుణించి చూశాను. ఇరవై లోపు.

ఈ ఆలోచన వచ్చినప్పుడు నన్ను నేను మెచ్చుకున్నాను. ఆ సమయానికి అక్కడ వేరే ఎవరూ లేరు.

ఫోర్మన్ గారికి చెబితే ఆయన చాలాసేపు చుట్ట నమిలారు. “ఇది నాయమేనా బాబూ?”

“న్యాయమో కాదో తెలీదండి. నిజం మాత్రం నిజమే.”

“మరి ఆ క్రేనోడికి సెప్పినావా?”

“ఏం చెప్పాలి? పెట్టె బతికిపోతుందని చెప్పాను.”

నిజంగానే అంతే చెప్పాను. సాయిబు గారి చేత మాత్రం, హాల్లో ఎంతొచ్చినా ఆ అంకె గురించి నోరు విప్పనని ఒట్టేయించుకున్నాను. ఆయన వన్‌టౌను మనిషి, మాటంటే మాటే. కానీ ఒట్టు వేస్తూ, ఆముదం తాగినట్టు ముఖం పెట్టారు.

హాల్లో కొలిచే సాయంత్రం విశ్వకర్మ పూజకు ముందురోజు పడింది. అప్పుడు నేను ఊహించని అడ్డు వచ్చింది. ఆ మధ్యాహ్నం ఫోర్మన్ గారు గదిలోని పరికరాలన్నీ తుడిచి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టేశారు. బొట్టు పెట్టాక పరికరం ముట్టుకోకూడదు. మర్నాడు పూజయ్యి కొబ్బరికాయ కొట్టేదాకా దానికి విశ్రాంతి. ఫ్యాక్టరీలో ఆ ఆచారం జీఎం గారికైనా తప్పదు. ఆసిలోస్కోపు తెర మీద, సరిగ్గా మధ్యలో, రూపాయి బిళ్ళంత బొట్టు.

“ఇంక దానికి సెలవు బాబూ. నానేటి సెయ్యలేను.”

“సెలవు రోజుల్లో మనం ఓవర్‌టైము చెయ్యడం లేదా ఫోర్మన్ గారూ?”

ఆయన నన్ను చూశారు, ఆసిలోస్కోపును చూశారు. “ఓటీ అంటే డబలివ్వాలి మరి.”

“రేపు దానికి రెండు కొబ్బరికాయలు.”

“బొట్టు మాత్రం సెరపకూడదు.”

ఒప్పందం కుదిరింది. ఆ రోజు హాల్లో మా అల బొట్టు చుట్టూ ప్రదక్షిణం చేసింది. నెత్తి కనిపిస్తే చాలు కాబట్టి ఇబ్బంది లేకపోయింది.

కమిటీ అంటే వెల్ఫేరాఫీసరూ, ఆయన మాటకు తలూపడానికి ఇద్దరూ. కిటికీల నిండా కాలనీ జనం. పెద్ద శబ్దం ఏదో వస్తుందని కొందరు చెవుల్లో దూది కూడా పెట్టుకొచ్చారు. సాయిబు గారు పెట్టె పక్కన నేల మీద కూర్చున్నారు. క్రేను ఆపరేటరు గిటారు భుజానికి వేసుకుని గోడకు ఆనుకున్నాడు. గిటారు అవసరం లేదన్నాను. “ఉండనీండి సారూ, ఇంట్లో ఒగ్గీసొస్తే సెయ్యి ఊరుకోదు” అన్నాడు.

నేను పెట్టె వెలిగించి, స్వరం ఇచ్చి, వాల్యూము పెంచుతున్నాను. హాలంతా నిశ్శబ్దం. ఫ్యాను మూలుగు తప్ప ఏమీ లేదు.

“మొదలుపెట్టండి మరి” అన్నారు వెల్ఫేరాఫీసరు.

“మొదలుపెట్టి చాలాసేపైందండి.”

“శబ్దం ఏదీ?”

“కొలిచేటప్పుడు రాదండి. ఆ తీగలో వేడిగా పోతోంది.”

“శబ్దమే లేకపోతే, శబ్దం ఎక్కువైందని ఎలా నిషేధించడం?”

“నేనూ అదే ఆలోచిస్తున్నానండి.”

కిటికీల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. ఆయనకు ఓపిక చచ్చింది. “ఈ నాటకాలు చాలు. ఆ తీగ పీకి స్పీకరు తగిలించండి” అంటూ తనే వంగి తీగచుట్ట క్లిప్పు మీద చెయ్యి వేశారు. మరుక్షణం చెంపదెబ్బ లాంటి చప్పుడు. ఆ సాయంత్రం హాల్లో వినపడిన మొదటి పెద్ద శబ్దం అదే. సాయిబు గారు వెల్ఫేరాఫీసరు చేతి మీద కొట్టారు.

“లోడు పీకీస్తే ట్రాన్స్‌ఫార్మరు మాడిపోతాది సాబ్! మా ఇంట్లోది కూసోని ఒక్కో సుట్టూ లెక్కెట్టి సుట్టినాది అది! మీకేటి తెలుసు!”

వెల్ఫేరాఫీసరు చేతిని చూసుకున్నారు. తలూపే ఇద్దరికీ ఇప్పుడు ఎటు ఊపాలో తెలియలేదు. నేను గబగబా కొలత పూర్తిచేసి, అందరికీ వినపడేలా చదివాను. అల నెత్తి చదునయ్యేచోట పంతొమ్మిది వాట్లు. గోడ ప్లగ్గు దగ్గర కరెంటు నూటఎనభై అయిదు వోల్టులు. పద్ధతి పుస్తకంలో ఉన్నదే. నిబంధనకు లోబడే ఉంది.

కిటికీల దగ్గర ఈలలు. నేను వినయంగా తలవంచుకున్నాను. అలాంటప్పుడు తలవంచుకుంటే నవ్వు కనపడదు.

వెల్ఫేరాఫీసరు తెలివైనవారే. పెట్టె దగ్గరకొచ్చి, ఈసారి చేతులు వెనక్కి కట్టుకుని, వాల్యూము మీట చూశారు. “ఇది సగం దాకానే తిప్పారు. మిగతా సగం ఎందుకున్నట్టు?”

“అక్కడినుంచి అల విరిగిపోతుందండి. విరిగినదాన్ని పుస్తకం ప్రకారం లెక్కలోకి తీసుకోరు.”

అది అబద్ధం కాదు. ఆయనకు పుస్తకంతో పోట్లాడే ఓపిక లేదు, చెయ్యి ఇంకా మండుతున్నట్టుంది. “సరే. పంతొమ్మిది వాట్ల పెట్టె. ఆ మాత్రం దానికా ఇంత గోల! చంటిపిల్లల గిలక. ఉండనివ్వండి” అని కలం తీశారు.

సాయిబు గారు ఒట్టు ప్రకారం నోరు విప్పలేదు. కళ్ళు మూసుకున్నారంతే.

అప్పుడు గోడ దగ్గర్నుంచి క్రేను ఆపరేటరు కదిలాడు. నడిచొచ్చి, నా యంత్రం తీగ పీకి పక్కన పెట్టి, ఆ కన్నంలో గిటారు తీగ గుచ్చాడు.

“ఏమయ్యా, ఏం చేస్తున్నావు?” అన్నాను గొంతు తగ్గించి. “అయిపోయింది. ఊరుకో.”

“పంతొమ్మిది కాదు సారూ” అన్నాడు, గొంతు తగ్గించకుండా. మీటను చివరికంటా తిప్పి, అన్ని తీగలూ ఒక్కసారి గట్టిగా కొట్టాడు.

హాల్లో గిటారు తీగల పలచని చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. కానీ తెర మీద అల లేచి, నెత్తి తెగిపోయి, అటొక గోడ ఇటొక గోడలా నిలబడింది. మధ్యలో కుంకుమ బొట్టు. పింగాణీ పలక మీద తీగ వేడెక్కి, పసుపు కాలిన వాసన. మీటరు ముల్లు నేనెప్పుడూ పంపని చోటికి వెళ్ళింది. అతను ఆపలేదు. కొట్టినచోటే మళ్ళీ మళ్ళీ కొట్టాడు, నేను చదివేదాకా.

“ఎంత?” అన్నారు వెల్ఫేరాఫీసరు. కలం మూత పెట్టేశారు.

ఆ క్షణంలో నేను ఏదైనా చెప్పి ఉండొచ్చు. మీటరు ముల్లు నాకు తప్ప ఎవరికీ కనపడదు. కానీ మొదట్నుంచీ నేను ఆయనతో పేచీ పెట్టుకున్నదే అంకె ముందు చెప్పించుకోనని. “మీటరు ఇరవై ఎనిమిదంటోంది. విరిగిన అల మీద మా మీటరు కాస్త ఎక్కువ చెబుతుంది. ఎంత తగ్గించినా పాతికకు తగ్గదు” అన్నాను. ఆగలేక ఇంకో మాట కూడా అన్నాను. “కరెంటు సరిగ్గా ఉంటే నలభై వస్తుందండి.”

సాయిబు గారు కళ్ళు తెరిచారు. “నలబై! సూసినావా బావా! ఇంకో పది ఎక్కడో ఉంటాది, ఎతికితే దొరుకుతాది!”

“పెట్టె రేపు పొద్దున్నకల్లా కాలనీ బయట ఉండాలి” అన్నారు వెల్ఫేరాఫీసరు.

“ఉంటాది సార్” అన్నాడు క్రేను ఆపరేటరు, గిటారు తీగ చుట్టుకుంటూ.

అంతా లేస్తుండగా ఫోర్మన్ గారు ఎంతో అమాయకంగా, స్టేజీ మూలనున్న హాలు మైకు సెట్టును చూపించారు. “బాబూ, ఎలగూ సామానొచ్చీసినాది. ఇదీ కొలిసీమంటారేటి? సర్క్యులర్లో శబ్ద పరికరాలని గదా రాసున్నాది, గిటారని నేదు.”

ఎవరూ కొలవమనలేదు. ఎవరూ వద్దని కూడా అనలేదు, ఎందుకంటే మేము అప్పటికే కొలుస్తున్నాం. ఆ మైకు సెట్టులోంచే వెల్ఫేరాఫీసరు ప్రతి పండక్కీ క్రమశిక్షణ గురించి మాట్లాడేవారు. ముప్పై మూడు వాట్లు, విరగని అల మీదే. రెండు పరికరాలూ నిబంధన దాటినట్టు ఒకే కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. పెట్టె మీద నా రిపోర్టు ఆ రాత్రే అమలైంది. మైకు సెట్టు మీద నా రిపోర్టు, నాకు తెలిసినంతవరకు, ఇప్పటికీ పరిశీలనలోనే ఉంది.

పూజ బాగా జరిగింది. ఆసిలోస్కోపుకు రెండు కొబ్బరికాయలూ కొట్టాం. సాయంత్రం హాల్లో సభ. ముప్పై మూడు వాట్లలో వెల్ఫేరాఫీసరు భద్రత గురించి మాట్లాడుతున్నారు. నేను మొదటి వరసలో ఉన్నాను, మా విభాగానికి ఆ ఏడు ఏదో బహుమతి ఉంది. ఉపన్యాసం సగంలో ఉండగా ప్రహరీ అవతల్నుంచి గిటారు మోత వినపడింది.

కాలనీ గేటుకు ఎదురుగా, రోడ్డు అవతల ఒక టీ బడ్డీ. బడ్డీకి కరెంటు రొయ్యల కోల్డు స్టోరేజీకి పోయే లైను మీంచి వచ్చేది. కాలనీకి ఎంత తగ్గినా రొయ్యలకు తగ్గేది కాదు. ఆ లైను మీద ఆ పెట్టె ఎలా పలుకుతుందో నాకు కాగితం మీద తెలుసు. చెవులతో వినడం అదే మొదటిసారి. ముందు హాలు కిటికీల అద్దాలు సన్నగా వణికాయి. తరవాత వెనక వరస లేచింది. హాలు కుర్చీలు గేటు దాటరాదని సర్క్యులరు లేదు కాబట్టి ఎవరి కుర్చీ వాళ్ళు మడిచి చంకన పెట్టుకుని వెళ్ళారు. వెల్ఫేరాఫీసరు గొంతు పెంచారు. మధ్య వరసలు లేచాయి. ఆయన నన్ను చూస్తూ, “ముందు వరసలో కూర్చున్నవారైనా...” అన్నారు.

నేను లేచి, కుర్చీ మడిచాను. ఇనుప కుర్చీ, మడిస్తే టపీమని చప్పుడవుతుంది. ఎన్ని వాట్లో కొలవలేదు.

తరవాత నన్ను ఇనుప ఖనిజం పోసే ఓర్ యార్డులో లారీల తూకం కాటాకు మార్చారు. ఎర్రదుమ్ము, ఉప్పుగాలి, ఏసీ లేదు. అక్కడా పని కొలవడమే కాబట్టి నాకు పెద్ద తేడా కనపడలేదు. పైవాళ్ళు అలా అనుకోలేదనుకోండి.

ఆ సాయంత్రం మాత్రం రోడ్డు మీద కుర్చీ వేసుకుని చివరిదాకా విన్నాను. లారీలు ఆగిపోయాయి, డ్రైవర్లు దిగి బానెట్ల మీద కూర్చున్నారు. గోపాలపట్నం వెళ్ళే ఆఖరి బస్సు పోయినా నాకు బాధ కలగలేదు. సాయిబు గారు పెట్టె పక్కనే నిలబడి, వచ్చినవాళ్ళందరికీ ‘50 వాట్స్’ అన్న రాతను చేత్తో చూపిస్తున్నారు. నేను చూస్తుండగా నాకూ చూపించారు. నేను తలూపాను.

పాటలయ్యాక క్రేను ఆపరేటరు వాల్వులు చల్లారడానికి పెట్టె వెనక తలుపు తీసి, విసనకర్రతో విసురుతున్నాడు. చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయింది. నేను టీ గ్లాసు అందించాను. మనసులో ఉన్నది దాచుకునే వయసు కాదు నాది.

“నిన్న రెండు నిమిషాలు ఊరుకుని ఉంటే, ఇవాళ హాల్లో, స్టేజీ మీద, లైట్ల కింద వాయించేవాడివి కదయ్యా. అంత కష్టపడి నీ పెట్టెను ఇరవై లోపుకు తెచ్చాను.”

అతను టీ ఒక గుక్క తాగి, గ్లాసు పెట్టె మీద పెట్టి, నా వైపు తిరిగాడు.

“కొలుత్తానంటే ఒప్పుకున్నాం గాని, తగ్గించీమన్నామేటి సారూ?”